పాల లెక్కకు లేని ప్రేరణ

మొన్న మా కాలనీ మహిళా మండలి వారు ఒక రచయితగారిని పిలిచి ఉపన్యాసం పెట్టించారు. "రాయాలనే తపన ఉండాలమ్మా! తపన ఉంటే తీరిక దానంతట అదే దొరుకుతుంది" అని సెలవిచ్చారాయన. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి అంట్లు సర్దుతూంటే మాత్రం ఒళ్ళు మండింది. దానంతట అదే దొరకడానికి తీరికేమైనా వీధిలో ఎవరో పారేసుకున్న రూపాయి బిళ్ళా?

ఒక్కమాట అడుగుతాను, చెప్పండి. పాల లెక్క రాయడానికి మనకెవరైనా ప్రేరణ కలిగించారా? మూడ్ వచ్చేదాకా ఆగి రాస్తున్నామా? ఒళ్ళు కాలిపోతున్నా, ఇంటినిండా చుట్టాలున్నా, క్యాలెండరు మీద "అర లీటరు ఎక్కువ" అని రాసి మరీ పడుకుంటాం. నెలాఖరుకి ఆ లెక్క అడిగేవాళ్ళున్నారు కనుక. మన మనసులో మాట రాసి చూపించమని అడిగేవాళ్ళు లేరు. తేడా అక్కడుంది గాని తపనలో లేదు.

ఆంథొనీ ట్రాలప్ అని పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు. పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే బోలెడు నవలలు రాశాడు. తెల్లవారుజామున 5.30కల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడట. ఆయన పోయాక 1883లో అచ్చయిన ఆత్మకథలో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. క్రమశిక్షణ గురించి ఊదరగొట్టేవాళ్ళు ఇంతవరకే చెబుతారు. ఆయన్ని ఆ వేళకి నిద్రలేపి కాఫీ అందించడానికి ఓ ముసలి నౌకరు ఉండేవాడనీ, అందుకు ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడనీ చెప్పరు. తన విజయానికి అందరికన్నా ఆ నౌకరుకే ఎక్కువ ఋణపడ్డానేమో అని కూడా రాసుకున్నాడు, పుణ్యాత్ముడు! మరి మన కథలో ఆ నౌకరు వేషం మనదే కదా. మనల్నెవరు లేపుతారు?

భండారు అచ్చమాంబగారు బడిమొహం చూడకుండానే రాయలేదా అంటారు. రాశారు. 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" తెచ్చారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆ తమ్ముడి సంగతి మాత్రం మనవాళ్ళు మింగేస్తారు.

అలాగని తప్పంతా లోకానిదే అంటే నా కళ్ళు పోతాయి. "తీరిక లేదు" అన్నది సగం అబద్ధం. రాత్రి సీరియల్లో అత్తగారు విషం కలిపిందా లేదా అని గంటసేపు కూర్చున్నదాన్ని నేనే. రాయడం మొదలెడితే ఏం బయటపడుతుందోనన్న బెరుకుకి తీరిక లేదని పేరు పెట్టుకున్నాను.

మా అమ్మ పోయాక ఆవిడ పెట్టెలో పద్దు పుస్తకాలు దొరికాయి. ముప్ఫై ఏళ్ళవి. బియ్యం, బొగ్గులు, పక్కింటికి బదులిచ్చిన కాఫీపొడి, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. రోజూ రాసే అలవాటు లేదనడానికి వీల్లేదు మహాతల్లికి! అన్ని వందల పేజీల్లోనూ తన గురించి ఒక్కటే ఒక్క ముక్క ఉంది. "ఇవాళ వాన. ఊరికే కూర్చున్నాను." కింద మళ్ళీ చింతపండు. ఆ వానలో కూర్చుని ఏమాలోచించిందో ఇప్పుడెవర్నడగను? నాకు పట్టుకున్నది ప్రేరణ కాదండీ, ఉక్రోషం. దానితోనే మర్నాడు కలం పట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, పనిమనిషి వచ్చేలోపు అరగంట. మొదటి నెలంతా కందిపప్పు ధర మీదే రాశాను, ఏం దాచను! ఒక చిట్కా మాత్రం పనిచేసింది. ఎంత బాగా సాగుతున్నా వాక్యం సగంలో ఆపి లేచిపోతాను. ఆ సగం వాక్యం మర్నాటిదాకా పంటికింద రాయిలా సలుపుతూ ఉంటుంది. వచ్చి కూర్చోక తప్పదు.

"ఏమిటి, పాల లెక్కా?" అనేవారు మావారు. చాలాకాలం "అవునండీ" అని అబద్ధమాడాను. పాల లెక్కకున్న మర్యాద కథకి లేదుగా! మొన్న ఆ ఉపన్యాసం విన్న మర్నాడు మాత్రం "కాదు, నా రాత" అన్నాను.

"కాస్త కాఫీ..."

"పావుగంట ఆగండి."

ఆయన గడియారం వంక చూశారు, నా వంక చూశారు. వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి డబ్బాల చప్పుడు, "పంచదార ఎక్కడ పెట్టావే?" అని కేక.

"రెండో అరలో, ఎర్ర మూత డబ్బా" అన్నాను తలెత్తకుండా.