చంటిపిల్లతో పట్నం

రెండేళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చి ఒక్కరోజులో చార్మినార్, గోల్కొండ, జూపార్కు చుట్టేద్దామనుకోవడం శుద్ధ అత్యాశ. 1591 నుంచి ఉన్న చార్మినార్ ఇంకో రెండేళ్లు ఆగదా? చిక్కడపల్లిలో బస పెట్టండి, రోజుకో చోటు చాలు. మెట్రోలో నారాయణగూడ, సుల్తాన్ బజార్ దాటితే ఎంజీబీఎస్. అక్కణ్నుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం (శుక్రవారం సెలవు). అక్కడి మేలిముసుగు రెబెక్కా శిల్పం మీకు. పిల్లకు మాత్రం గంటగంటకూ బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారమే లోకం. పన్నెండింటికి దెబ్బలెక్కువే గానీ జనమూ ఎక్కువే, పదకొండే మేలు. స్ట్రోలర్ తేకండి, మన ఫుట్‌పాత్‌ల మీద చంకే గతి. మధ్యాహ్నం నిద్ర మాత్రం ఎగ్గొట్టించొద్దు. కునుకు తీసి లేచిన పిల్ల వెనక 76 ఎకరాల ఇందిరా పార్కులో పరిగెత్తడానికి మీకే ఓపిక చాలదు.