ఇల్లే తొలి బడి

పరదేశంలో స్వచ్ఛందంగా చదువు చెప్పేవారికి తొలి బడి వారు బస చేసిన ఇల్లే. 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ వల్ల తార్నాకకు విదేశీయులు కొత్త కాదు. అక్కడి తెలుగింట దిగిన విదేశీ ఉపాధ్యాయిని తరగతిలో గురువైనా, ఇంట శిష్యురాలే. గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనక 'వెళ్ళొస్తాను' అనాలని నిఘంటువు నేర్పదు, ఇల్లాలు నేర్పుతుంది. అయితే మితిమీరిన మర్యాద కూడా అడ్డుగోడే. ఎన్నాళ్ళైనా కూర్చోబెట్టి వడ్డిస్తూ ఉంటే ఆమె అతిథిగానే మిగిలిపోతుంది. 'పిన్నీ' అని పిలిచే చనువునూ, కూరగాయలు తరిగే పనినీ ఇచ్చినప్పుడే ఆ ఇల్లు ఆమెదవుతుంది. ఊరి మనసెరిగిన గురువు చెప్పే పాఠమే పిల్లల మనసును చేరుతుంది. అన్నం పెట్టడం ఆతిథ్యం; పని పంచడం ఆత్మీయత.