తీర్పు నమలుజరుపు వారెవ్వరు?

మున్సిఫు కోర్టులో డిక్రీ పొందినవాడు అమలుజారీకి దరఖాస్తు పెట్టుకొనును. ఓడినవాడు లొంగనిచో అమీనా వాని గడప త్రొక్కును. రాజ్యముల నడుమ సముద్రపు సరిహద్దుల తగవులు తీర్చు న్యాయస్థానముల కట్టి అమీనా లేడు. కావున బలవంతుడు సమ్మతింపనిచో తీర్పు కాగితముమీదనే మిగులుచున్నది.

కాగజ్‌నగర వాసులకు సముద్రముతో నేమి పని యని కొందఱడుగవచ్చును. మన ప్రాణహిత గోదావరిలో గలిసి తుదకు చేరునది బంగాళాఖాతమే. అందు మనకును బంగ్లాదేశమునకును గల సరిహద్దు తగవును 2014 జూలై 7వ తేదీన హేగు నగరమున ఐదుగురు మధ్యవర్తులు తీర్చిరి. వివాదములోని సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు దక్కెను. మధ్యవర్తులలో నొకరు, మన తెలుగువారగు పెమ్మరాజు శ్రీనివాసరావుగారు, కొన్ని అంశములలో భిన్నాభిప్రాయము వ్రాసిరి. అయినను భారతదేశము తీర్పును శిరసావహించెను.

ఇది దౌర్బల్యమనువారు కలరు. మేమట్లు తలపము. చిన్న పొరుగువాని యెదుట పెద్ద రాజ్యము మాట నిలుపుకొనుట దేశగౌరవమే.

దీనికి భిన్నమైన నడత మఱియొక సముద్రమున చూచితిమి. దక్షిణ చైనా సముద్రముపై చైనా చెప్పుకొను చారిత్రక హక్కులకు ఆధారము లేదని 2016 జూలై 12వ తేదీన మధ్యవర్తులు తీర్పు చెప్పిరి. విచారణకే హాజరుగాని చైనా ఆ తీర్పు చెల్లదనెను. అటుపిమ్మటను స్కార్బరో దిబ్బయొద్ద దాని నౌకలు ఫిలిప్పీన్సు పడవలపై నీటిఫిరంగులు ప్రయోగించినవి.

ఐక్యరాజ్యసమితి శాసనపత్రము 94వ అధికరణము ననుసరించి, అంతర్జాతీయ న్యాయస్థానపు తీర్పును ధిక్కరించిన రాజ్యముపై భద్రతాసమితికి మొఱపెట్టుకొనవచ్చును. కాని 1986లో నికరాగువా మొఱను ప్రతివాదియైన అమెరికాయే వీటోతో కొట్టివేసెను. సముద్రశాసనము క్రింది మధ్యవర్తుల తీర్పులకు ఆపాటి దారియు లేదు.

ఇక మిగిలిన యుపాయ మొక్కటే. తీర్పును మన్నించు రాజ్యములన్నియు నేకమై, ధిక్కరించినవాని హక్కును గుర్తింపక, వాని పటములను అంగీకరింపక, ప్రతి సభయందును ఆ తీర్పును పేరెత్తి చెప్పవలయును. మన ప్రభుత్వము 2016లో ఆ తీర్పును గమనించితిమని మాత్రమే పలికెను; దానిని పాటింపవలయునని ఫిలిప్పీన్సుతో గలిసి చెప్పుటకు 2023 జూను వచ్చెను. ఈ యేడేండ్ల సంకోచము మనకు తగదు. నష్టమునకోర్చి తీర్పును మన్నించిన దేశమునకే ఇతరులను నిలదీయు నధికారము కలదు. రేపు మఱియొక తీర్పు మనకు ప్రతికూలమైనను 2014లో నడచిన త్రోవనే నడచిననాడు ఆ యధికారము నిలుచును.