ఇల్లు – వాకిలి : పన్నెండవ అంతస్తులో కొత్త కాపురము



ఒకప్పుడు మన పల్లెలనుండి ఎవరైనా పైదేశము వెళ్ళారంటే అది గల్ఫ్ దేశమే. మగవాడు ఒక్కడే వెళ్ళేవాడు, పదిమందితో కలిసి ఒక గదిలో ఉండేవాడు, రెండేళ్ళకొకసారి ఇంటిముఖము చూసేవాడు. ఈ రోజులలో చదువుకున్న పిల్లలు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని సింగపూరు వంటి నగరములకు వెళ్ళి కాపురము పెడుతున్నారు. పంపేటప్పుడు మనము టికెట్టు చూస్తాము, వీసా చూస్తాము, ఆవకాయ జాడీకి గుడ్డ కడతాము. వెళ్ళాక ఉండబోయే ఇల్లు ఎలాంటిదో, అందులో మన అమ్మాయి పగలంతా ఎలా గడుపుతుందో అడిగేవారు తక్కువ. మనుమడిని చూసుకోవడానికి నేను కొన్ని వారములు అక్కడ మా అమ్మాయి ఇంటిలో ఉండి వచ్చాను గనుక, ఈ నెల ఆ ఇంటి సంగతి వ్రాస్తున్నాను.

సింగపూరులో స్థిరపడినవారిలో ప్రతి పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ప్రభుత్వము కట్టించిన అంతస్తుల ఇళ్ళలోనే ఉంటారు. వాటిని కట్టించే మండలిని అందరూ హెచ్.డి.బి. అంటారు. అది 1960లో ఏర్పడింది. ఆ మరుసటి సంవత్సరము, 1961 మే నెలలో, బుకిట్ హో స్వీ అనే పూరిళ్ళ పేటలో అగ్నిప్రమాదము జరిగి పదహారువేలమంది నిలువనీడ లేనివారయ్యారు. వారికి ఇళ్ళు చూపించే తొందరలో ఈ అంతస్తుల కట్టడము ఊపందుకున్నది. ప్రభుత్వ ఇల్లు అనగానే మన ఊరి చివరి కాలనీ గుర్తుకు రావచ్చును గాని, అక్కడ ఆఫీసరూ, టాక్సీ నడిపేవాడూ ఒకే లిఫ్టులో ఎక్కుతారు. మన పిల్లలు ఎక్కువగా అటువంటి ఇంటినే యజమాని దగ్గర అద్దెకు తీసుకుంటారు.

అక్కడి లెక్కలు మొదట కొంచెము తికమక పెడతాయి. మూడు గదుల ఇల్లు అంటే హాలును కూడా కలిపి లెక్క. పడక గదులు రెండే. మొత్తము దాదాపు ఏడువందల చదరపు అడుగులు. మన ఇంటి వసారా, పశువుల కొట్టము కలిపితే అంతకంటె పెద్దవి. అంతస్తుల లెక్కా వేరే. నేలమీద ఉన్నదే అక్కడ ఒకటవ అంతస్తు. కావున పన్నెండవ అంతస్తు అంటే మన లెక్కలో పదకొండే. బ్లాకు నెంబరు గోడమీద మనిషి ఎత్తున వ్రాసి ఉంటుంది. పిన్‌కోడ్ వంటి ఆరంకెల నెంబరు ఒక్కొక్క బ్లాకుకు వేరువేరుగా ఉంటుంది. దారి తప్పితే ఆ ఆరంకెలు టాక్సీ అతనికి చెబితే చాలు, గుమ్మం దగ్గర దింపుతాడు. వెళ్ళిన మొదటి రోజే అమ్మాయిచేత ఆ ఆరంకెలు కంఠస్థము చేయించండి.

అద్దె మాట చెప్పాలంటే, ఈమధ్య సంవత్సరములలో చిన్న ఇంటికి కూడ నెలకు రెండువేల డాలర్ల పైమాటే. అడ్వాన్సుగా సాధారణముగా ఏడాది ఒప్పందమునకు ఒక నెల అద్దె, రెండేళ్ళకు రెండు నెలల అద్దె కట్టించుకుంటారు. ఆరు నెలలకు తక్కువగా ఈ ఇళ్ళు అద్దెకు ఇవ్వకూడదు. ఇంకొక ముఖ్యమైన మాట. ఖర్చు కలిసివస్తుందని అద్దెకు తీసుకున్నవారు మరొకరికి గది అద్దెకు ఇవ్వడము అక్కడ చట్టవిరుద్ధము. మన ఊరి అబ్బాయే గదా అని సర్దుకోవడానికి వీలులేదు. ఇల్లు కళ్ళతో చూడకుండా, యజమాని ఎవరో తేల్చుకోకుండా ఇక్కడినుండే డబ్బు పంపవద్దు.

ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు అబ్బాయిలు ఇంటర్నెట్టు వస్తుందా, రైలు స్టేషను దగ్గరా అని చూస్తారు. చిన్నపిల్లలున్న తల్లి ముందు చూడవలసినది కిటికీ. మన దగ్గర పూరిపాకకైనా కిటికీకి ఊచలు పెడతాము. అక్కడ చాలా ఇళ్ళలో కిటికీ తలుపు తీస్తే ఎదుట ఏమీ ఉండదు, గాలి తప్ప. గ్రిల్లు కావలసినవారు తమ ఖర్చుతో పెట్టించుకుంటారు. ఇల్లు ఖాళీగా కనబడుతుందని కొందరు యజమానులు పెట్టించరు. కావున సంతకము పెట్టకముందే, అన్ని గదులకు, ముఖ్యముగా వంటగదికి, గ్రిల్లులున్నవా అని అడగాలి. లేకపోతే పెట్టించిన తరువాతే వస్తామని చెప్పాలి. మొహమాటపడవద్దు. గ్రిల్లులున్న ఇంటిలో కూడ కిటికీ క్రింద మంచము గాని, స్టూలు గాని, బట్టల పెట్టె గాని ఉంచకండి. రెండేళ్ళ పిల్లవాడికి స్టూలు దొరికితే అది నిచ్చెనే. గ్రిల్లు తాళము పిల్లలకు అందని చోట, పెద్దలకు చీకటిలో కూడ దొరికే చోట ఉండాలి. మా అల్లుడు ఆ ఇంటిలో కొన్న మొదటి వస్తువు కుర్చీ కాదు, బీరువా కాదు, వంటగది కిటికీకి గ్రిల్లు. నాకు అతనిమీద గౌరవము పెరిగింది అప్పుడే.

కిటికీలోనుండి ఏదీ పారవేయకూడదు. అక్కడ అది పెద్ద నేరము. కరివేపాకు రెబ్బ అయినా సరే, చెత్త పారవేసే గొట్టములోనే వేయాలి. పాత బ్లాకులలో ఆ గొట్టము నోరు వంటగదిలోనే ఉంటుంది, కొత్తవాటిలో లిఫ్టు దగ్గర. మూట గట్టిగా కట్టి వేస్తే అది క్రిందివరకు జారిపోతుంది. బట్టలు ఆరవేయడము చూడవలసిన విషయము. పాత ఇళ్ళలో వెదురు గడకు చొక్కాలు, లంగాలు గుచ్చి, ఆ గడను కిటికీ బయట గోడకున్న రంధ్రములో గుచ్చుతారు. తడిసిన దుప్పటితో ఆ గడ ఎంత బరువుంటుందో పట్టుకుంటేనే తెలుస్తుంది. కొత్తగా వెళ్ళిన అమ్మాయి ముందు రెండు చొక్కాలతో అలవాటు చేసుకోవాలి, దుప్పట్లు ఇంట్లోనే ఫ్యాను క్రింద ఆరవేయవచ్చు.

1990ల చివరినుండి కట్టిన ఇళ్ళలో వంటగది దగ్గర మందపు గోడలు, ఇనుప తలుపు ఉన్న చిన్న గది ఒకటి ఉంటుంది. అది యుద్ధము వస్తే దాక్కోవడానికట! మామూలు రోజులలో అందరూ అందులో బియ్యము బస్తాలు, సూటుకేసులు పెట్టుకుంటారు. ఆ గోడలకు ఇష్టము వచ్చినట్టు మేకులు కొట్టనివ్వరు. మన మూడు గుండ్రటి కాళ్ళ ప్లగ్గులు అక్కడ సాకెట్టులో దూరవు, చదరపు కాళ్ళవి కావాలి. మిక్సీ తీసుకువెళ్ళేవారు దానికి తగిన అడాప్టరు కొనుక్కోవాలి. కుళాయి నీరు నేరుగా త్రాగవచ్చు. కావున బిందెలలో నీరు పట్టి ఉంచే మన అలవాటు అక్కడ మానుకోవాలి. డెంగీ భయమువలన నీరు నిలువ ఉన్నదేమో అని అధికారులు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు, పూలకుండీ క్రింది పళ్ళెములో దోమపిల్లలు కనబడితే రెండువందల డాలర్లనుండి జరిమానా.

రోటి పచ్చడి సంగతి కూడ చెప్పాలి. మన ఇంటి నేల క్రింది ఇంటివారికి పైకప్పు. రాత్రి పదిగంటలకు రోటిలో వేరుశనగలు దంచితే వారి తలమీద దంచినట్టే. పగటిపూట, రోలు క్రింద మందపు గోనె వేసి దంచుకుంటే ఏ గొడవా లేదు. ఎండుచేపలు వేపితే ప్రక్కవారు ఏమంటారో అని చాలామంది భయపడతారు. నేనూ అడిగాను. అక్కడి మలయా వారు చిన్న ఎండుచేపలు రోజూ వేపుతారు, రొయ్యల ముద్ద కాలుస్తారు. ఆ వాసన ముందు మన ఎండుచేప ఏపాటిది!

ఇవన్నీ పదిహేను రోజులలో అలవాటయ్యేవే. అలవాటు కానిది ఒకటున్నది. తెల్లవారి ఎనిమిది గంటలకు భర్త వెళతాడు, తలుపు మూసుకుంటుంది. మన ఊరిలో తలుపు మూసి ఉంటే ఒంట్లో బాగోలేదా అని నలుగురు పలకరిస్తారు. అక్కడ తలుపు మూసి ఉండడమే మామూలు. చదువుకున్న అమ్మాయి అయినా ఉద్యోగము వెంటనే దొరకదు. భర్త వీసామీద వెళ్ళిన భార్య పనిచేయాలంటే 2021 మే నుండి తనకు వేరే పని అనుమతి పత్రము ఉండాలి. భర్త పాపము ప్రేమతోనే కూరలు, పాలు, బియ్యము అన్నీ సాయంత్రము తనే తెచ్చి పెడతాడు. నెల తిరిగేసరికి ఆమెకు క్రిందికి దిగవలసిన పనే ఉండదు. ఏడువందల అడుగులే ఆమె లోకమైపోతుంది. ఫోనులో అమ్మ అడిగితే “ఇల్లు బాగుందమ్మా” అంటుంది. ఇల్లు బాగానే ఉంటుంది. ఆమె బాగున్నదా అన్నది మరొక ప్రశ్న.

అల్లుళ్ళకు, కొడుకులకు నేను చెప్పేది ఇదే. మొదటి వారములోనే భార్యను వెంటబెట్టుకొని మార్కెట్టుకు వెళ్ళండి. రెండవ వారము ఆమెను ముందు నడవనివ్వండి, మీరు వెనుక నడవండి. మూడవ వారమునుండి కూరల పని ఆమెకే వదిలిపెట్టండి. ఆ ఇంటికి పెరడు లేదనుకుంటాము గాని, ఉన్నది. పన్నెండు అంతస్తుల క్రింద ఉన్నది, పదిమందితో కలిసి వాడుకోవాలి. బ్లాకు క్రింది అంతస్తులో చాలాచోట్ల ఇళ్ళు కట్టకుండా స్తంభముల మధ్య ఖాళీగా వదిలివేస్తారు. వాయిడ్ డెక్ అని దానికి పేరు. ముసలివారు అక్కడ రాతిబల్లల దగ్గర కూర్చుంటారు, పిల్లలు సైకిలు తొక్కుతారు. ఒక శనివారము అక్కడే మలయావారి పెండ్లి, పందిరి వేసి, బిరియానీ డేగిసాలు ఎక్కించి చేశారు. కొద్ది రోజులకు అదే చోట చైనావారి ఇంటిలో మరణము సంభవించి, పెట్టె ఉంచి మూడు రాత్రులు బంధువులు కూర్చున్నారు. పెండ్లికీ చావుకూ ఒకే వాకిలి, మన ఊరిలో వలెనే.

1989నుండి అక్కడ ఒక నియమమున్నది. ఏ బ్లాకులోనూ ఒకే జాతివారు నిండిపోకుండా చైనా, మలయా, భారతీయ కుటుంబములు ఇన్నిన్ని అని హద్దు పెట్టారు. కావున ప్రక్క ఇల్లు ఎవరిదైనా కావచ్చు. భాష రాదని వెనుకాడవద్దు. ఎవరైనా పెద్దవారు ఎదురైతే ఆంటీ, అంకుల్ అని పలకరిస్తారు, అది మన వరస కలపడము వంటిదే. మా అమ్మాయి ప్రక్కింటి మలయా ఆమెను మక్‌చిక్ అంటుంది, అనగా పిన్ని అన్నట్టు. నాకు ఆమె మాట ఒక్కటీ తెలియదు, ఆమెకు నాది తెలియదు. మనుమడికి జలుబు చేసినప్పుడు ఆమె అల్లము తెచ్చి ఇచ్చింది, నేను మర్నాడు ఆ గిన్నెలో పులిహోర పెట్టి పంపాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్నది ఏ భాషలోనైనా ఒకటేనేమో. అరవము తెలిసినవారికి మరింత సులువు. అక్కడి నాలుగు అధికార భాషలలో అరవము ఒకటి. లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్టులో మునగకాడలు, కరివేపాకు, పచ్చి చేపలు అన్నీ దొరుకుతాయి. వారానికొకసారి అక్కడికి రైలులో ఒంటరిగా వెళ్ళిరాగల అమ్మాయి ఆ నగరములో నిలద్రొక్కుకున్నట్టే.

మనుమలను చూడబోయే తాతలకు, అమ్మమ్మలకు ఒక మాట. లిఫ్టు అంటే భయపడకండి. పాత బ్లాకులలో లిఫ్టు కొన్ని అంతస్తులలోనే ఆగేది, ముసలివారు మెట్లెక్కలేక బాధపడేవారు. 2001నుండి వాటిని మార్చుకుంటూ వచ్చారు గనుక ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఇంటి అంతస్తులోనే ఆగుతుంది. ప్రొద్దున్నే క్రింద నడిచిరండి. చెప్పులు వరండాలో గోడవారగా పెట్టండి. మంటలు లేస్తే మనుషులు పరుగెత్తే దారి అది, సామాను అడ్డముండకూడదు.

ఇక్కడున్న తల్లులకు ఫోను సంగతి. వారి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. మీరు పనులన్నీ ముగించుకొని రాత్రి తొమ్మిదింటికి చేస్తే అక్కడ పదకొండున్నర, నిద్రమత్తులో “అంతా బాగుందమ్మా” అని పెట్టేస్తారు. పగలు పదకొండు ప్రాంతములో చేయండి. అక్కడ ఒంటిగంటన్నర, వంట అయిపోయి, పిల్లవాడు నిద్రపోయి, ఆమె ఒక్కతే ఉండే సమయము. ఇల్లు ఎలా ఉందని అడగవద్దు. ఈ రోజు క్రిందికి దిగావా, ఎవరు కనబడ్డారు, ఏమి కొన్నావు అని అడగండి.

వచ్చే నెల, అటువంటి నగరములలో మన పిల్లలను బడిలో చేర్చడము గురించీ, తెలుగు అక్షరములు ఇంటిలో నేర్పించడము గురించీ వ్రాస్తాను.