ఫోన్‌లోకి చేరిన ర్యాగింగ్

జూనియర్లను వేధించే వాట్సాప్ గ్రూపులనూ ర్యాగింగ్‌గానే పరిగణించాలని యూజీసీ 2025లో కళాశాలలకు చెప్పడం సముచితం. తండ్రుల తరంలో సీనియర్ల ఆగడం హాస్టల్ గోడల మధ్యే సాగేది, సెలవులకు ఊరొస్తే తెరిపి దొరికేది. నేడు అది సెల్‌ఫోన్‌లో ఇంటిదాకా వెంటాడుతోంది, ఒకనాటి అవమానం తెరపై చెరగకుండా నిలుస్తోంది. కర్నూలు జిల్లా ఆలూరు పల్లెల నుంచి కర్నూలు, అనంతపురం హాస్టళ్లలో చేరే పిల్లల్లో పలువురికి తమ ఇంట కళాశాల గడప తొక్కినవారే లేరు. మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయిన అమ్మానాన్నలకు వారు ఈ గోడు ఎలా చెప్పుకుంటారు? బెదిరి తిరిగొస్తే చదువు అక్కడితో ఆగినట్టే. చట్టానికి లోటు లేదు. చర్య తీసుకోని కళాశాల అధిపతిని సైతం నేరానికి తోడ్పడినట్టుగా భావించాలని 1997 నాటి రాష్ట్ర చట్టమే చెబుతోంది. అయినా 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ర్యాగింగ్ వేధింపులకు ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. కళాశాల అధిపతులను బాధ్యులను చేసే ఆ నిబంధనను పోలీసులు నిజంగా ప్రయోగించాలి. తొలి నెలల్లో వార్డెన్లు రాత్రివేళ హాస్టల్‌లోనే ఉండాలి. 1800-180-5522 ర్యాగింగ్ నిరోధక సహాయ నంబరును ప్రవేశాల రోజునే తల్లిదండ్రులకు తెలుగులో రాసి ఇవ్వాలి.