గురువు ఇంట రెండవ కనెక్షన్ ఆడంబరమా?



"ఇంటికి ఒక ఇంటర్నెట్ చాలదా? రెండెందుకు? అంతా డాబు!" అని మన పెద్దలు కొందరు ఆక్షేపిస్తున్నారు. కుళాయి ఉన్నా బిందెలలో నీళ్ళు పట్టి ఉంచుకొనేవారే ఈ మాట అనడం వింతగా లేదా?

రాష్ట్రేతర తెలుగు బిడ్డ సంగతి ఆలోచించండి. తమిళనాడులో 2006నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరించింది. బడిలో తెలుగు గంట కరువైన చోట సాయంకాలం తెరపై జరిగే పాఠమే బిడ్డకు ఆధారం. లెక్కల పాఠం తప్పితే మరునాడు బడిలో అడిగి తెలుసుకోవచ్చు. వారానికొక్కటిగా ఉన్న తెలుగు పాఠం తప్పితే ఒత్తులూ గుణింతాలూ ఎవరు దిద్దిస్తారు?

అందరూ రెండేసి కొనవలసిందేనని నేననను. పిల్లవాని ఇంట లైను పోతే నష్టం ఒక్కడికి; గురువు ఇంట పోతే తరగతి మొత్తానికి. కనుక రెండవ కనెక్షన్ మొదట ఉండవలసింది గురువు ఇంట. బడి జీతం ఉన్న నావంటి వారి కోసం నేనడగడం లేదు. సాయంకాలాలు ఉచితంగా పాఠం చెప్పే వారికి ఆ ఖర్చు సంఘాలే భరించాలి. ఉగాది వేదికపై శాలువలు కప్పగల సంఘాలకు ఇది భారమా? పిల్లల ఇళ్ళలో ఫోను హాట్‌స్పాట్ చాలు. గంట వీడియో పాఠానికి సుమారు 1 జీబీ పడుతుంది. దృశ్యం ఆపి మాట మాత్రమే ఉంచితే చాలా తక్కువతో సరిపోతుంది.

కొనేటప్పుడు మాత్రం మోసపోకండి. రెండు కంపెనీల పేర్లున్నంత మాత్రాన రెండు దారులున్నట్లు కాదు. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే, ఒక్క కొమ్మ విరిగిపడినా రెండూ తెగుతాయి. ఒకటి ఫైబర్ అయితే, రెండవది మొబైల్ నెట్‌వర్క్ మీద వేరొక సంస్థది తీసుకోండి. ఒకటి ఆగితే రెండవదానికి తానే మారే రౌటర్లు దొరుకుతున్నాయి. ఫైబర్ పెట్టెకూ రౌటరుకూ బ్యాటరీ అమర్చండి. లేకుంటే కరెంటుతో పాటే పాఠమూ పోతుంది.

2013 అక్టోబరులో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫానును బరంపురం వారు, 2023 డిసెంబరునాటి మిచాంగ్‌ను చెన్నైవారు మరచిపోలేదు. టవరుకే కరెంటు లేనినాడు ఎన్ని కనెక్షన్లున్నా ప్రయోజనం సున్న. అందుకే వారం పాఠం ముందుగానే కాగితంపై బిడ్డ చేతికి అందాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మనకు తగదు.

ఈసారి మీ సంఘం సమావేశంలో, గురువుగారి రెండవ కనెక్షన్‌కు పద్దు ఎంత అని అడగండి. పద్దే లేదంటే, ఎందుకు లేదని గట్టిగా అడగండి.