జీవామృతంలో వేసే పిడికెడు మట్టి ఎక్కడిది?

పై వీడియోలో జీవామృతం కలుపుతూ నేను వేసిన పిడికెడు మట్టి మా పొలంలోది కాదండి. వెనక గుట్ట మీద కానుగ చెట్ల కిందది. కషాయానికి కోసిన సీతాఫలం, వావిలి, ఉమ్మెత్త ఆకులూ అక్కడివే. మన తిరువూరు చుట్టుపక్కల చాలా ఊళ్లకి ఇలాంటి గుట్టో, తుప్పల దిబ్బో ఒకటుంటుంది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది పోరంబోకు. అడవి అని ఎక్కడా ఉండదు.

గొడవంతా ఇక్కడే. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం, కేంద్రం ఆమోదం లేకుండా అడవి భూమిని వేరే పనికి ఇవ్వకూడదు. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవైతే ఈ చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2023 సవరణ దాన్ని కుదించింది. అడవిగా నోటిఫై అయినవి, 1980 అక్టోబరు 25 నుంచి ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా ఎక్కినవి మాత్రమే లెక్క. జూలు, సఫారీలు, ఎకో టూరిజానికి కూడా షరతుల మీద సడలింపు ఇచ్చారు. రాష్ట్రాల జాబితాలు తయారయ్యేదాకా పాత అర్థమే నడవాలని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి కొంత ఊపిరి ఉంది.

రికార్డులో లేకపోతే ఏమవుద్దో 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో చూశాం. కోర్టు కల్పించుకునేలోపే ఎన్ని చెట్లు పోయాయో! అక్కడ యూనివర్సిటీ పిల్లలు అరిచారు, దేశమంతా విన్నది. మన గుట్టకి గ్రావెల్ కోసం జేసీబీ వస్తే అరిచేదెవరు? మా గుట్ట ఒక పక్క ఇప్పటికే సగం పోయింది.

"అడవని రాయిస్తే రేపు మేకల్ని కూడా తోలనివ్వరు బాబూ" అంటాడు మా బాబాయి. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే నేననేది, జాబితాలో ఎక్కించమని అడగడంతోనే ఆగకూడదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకీ ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మనం ఏ ఆకు కోస్తామో, మేకలు ఎటు మేస్తాయో అందులో రాయించాలి. మన వాడకం కూడా కాగితం మీదకి రావాలి. డిప్లొమాలో మట్టి పరీక్షలన్నీ నేర్పారు గానీ ఈ రిజిస్టరు మాటే ఎవరూ ఎత్తలేదు!

వచ్చే గ్రామసభకి మా గుట్ట సర్వే నంబరు, ఫోటోలు పట్టుకెళ్తున్నా. మీ ఊళ్లో ఆ రిజిస్టరు ఉందో లేదో పంచాయతీ సెక్రటరీని అడిగి కింద కామెంట్‌లో రాయండి.